ఫీజు వాపసు

మా ఇంట్లో ఉత్తినే ఒట్టు పెట్టుకోవడానికి లేదు. ఒట్టుకి ఫీజు ఉండేది.

నాన్న నోటరీ. వీధివైపు గదే ఆయన ఆఫీసు. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఇనుప బీరువా, ఎప్పుడూ నాలుగు నిమిషాలు ముందుకి నడిచే గోడ గడియారం. జనం కాగితాలు పట్టుకొచ్చి, అందులో రాసింది నిజమని ఆయన ముందు ప్రమాణం చేసి, సంతకం పెట్టి, ఫీజు కట్టి వెళ్ళేవారు. ఎక్కువగా వచ్చేది ప్రొబేటు కోసం. అంటే ఇంట్లో ఎవరో పోయారు, విల్లు రాసి పోయారు, అది నిజంగా వాళ్ళదేనని కోర్టు ఒప్పుకోవాలి, దానికి ముందు మిగిలినవాళ్ళు ఒట్టేసి చెప్పాలి. వీధంతా ఆయన్ని ప్రమాణాలాయన అనేది. బడిలో ఎవరి పెన్సిలు పోయినా, "మీ నాన్న దగ్గరికొచ్చి ఒట్టేస్తావా?" అని ముందు నన్నే నిలదీసేవారు. ప్రమాణాలాయన కూతురిగా పుట్టినందుకు నాకు దక్కిన గౌరవం అదీ.

ప్రమాణానికి వచ్చేవాళ్ళు పెళ్ళికి వచ్చినంత శుభ్రంగా వచ్చేవారు. మగవాళ్ళు గుమ్మం బయట ఆగి జేబుదువ్వెనతో తల దువ్వుకునేవారు. ఆడవాళ్ళు చెప్పులు విప్పాలో వద్దో తేల్చుకోలేక, ఒకటి విప్పి ఒకటి ఉంచుకుని నిలబడేవారు. నాన్న వాళ్ళని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఊపిరి తీసుకోనిచ్చి, మూడు ప్రశ్నలు వేసేవారు.

"చదివారా? అర్థమైందా? నిజమేనా?"

ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య గడియారం చప్పుడు వినిపించేంత సేపు ఆగేవారు. మూడో ప్రశ్న దగ్గర కొంతమంది లేచి, "మళ్ళీ వస్తానండీ" అని కాగితం మడుచుకుని వెళ్ళిపోయేవారు. వాళ్ళని చూసి నాన్న సంతోషపడేవారు. అమ్మ మాత్రం, "ఇలా అయితే మనం బతికినట్టే" అని లోపల్నుంచి గొణిగేది.

ఎంత దగ్గరివాళ్ళయినా ఫీజు మాత్రం వదిలేవారు కాదు. జేబులోంచి ఏదో ఒకటి పోతే తప్ప మనిషి తను అంటున్న మాట తనే వినడని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆఫీసులో వదిలిపెట్టి భోజనానికి వస్తే బాగుండేది. కానీ వంటింట్లోకి కూడా తెచ్చారు. వంటింటి అరలో ఒక బిస్కెట్ల డబ్బా పెట్టారు. మూత మీద బొమ్మ అరిగిపోయి, ఒక గుర్రం వెనక కాళ్ళు మాత్రమే మిగిలాయి. ఇంట్లో ఎవరైనా ఒట్టు అన్నారంటే అందులో ఒక బిళ్ళ వెయ్యాలి. ఆ రోజుల్లో నడిచే అన్నిటికంటే చిన్న బిళ్ళ, రాగి రంగుది. నాన్న ఒక చీటీ మీద తేదీ, ఎవరు, ఏమని ప్రమాణం, ఫీజు ముట్టింది అని రాసి అందులోనే పడేసేవారు. డబ్బాలో బిళ్ళ పడ్డాక ఆ మాట నిజం. ఇంకెవరూ దాని మీద నోరెత్తకూడదు.

అమ్మకి ఒట్టు ఊతపదం. పాలు పొంగిపోతే, "నా మీద ఒట్టు, ఇప్పుడేగా చూశాను" అనేది. ముందు గదిలోంచి నాన్న, "డబ్బా!" అని కేకేసేవారు. అమ్మ పళ్ళు కొరుక్కుంటూ వేసేది. ఓ గంట పోయాక, చేతులు తుడుచుకుంటూ వెళ్ళి, "ఏమండీ, అప్పుడు నేను పొయ్యి దగ్గర లేనులెండి, పక్కింటావిడతో మాట్లాడుతున్నా" అని ఒప్పుకునేది. నాన్న చీటీ వెతికి చింపేసి, బిళ్ళ ఆమె చేతిలో పెట్టేవారు. అది రెండో రూలు, ఆఫీసుకీ ఇంటికీ ఒకటే. చెప్పింది తప్పని తనంత తనే వచ్చి చెప్తే కాగితం రద్దు, ఫీజు వాపసు, ఇంకేమీ అడగరు. అమ్మ వారానికి రెండుసార్లు వాపసు తీసుకునేది. నాకు తెలిసి ఆ ఇంట్లో అందరికంటే తేలిగ్గా నిద్రపోయింది ఆవిడే.

నాన్నకి మూడో రూలు కూడా ఉంది. విల్లుకి గుండుసూది గుచ్చకూడదు. క్లిప్పు పెట్టకూడదు, దారం కట్టకూడదు. రంధ్రం కనిపిస్తే కోర్టువాళ్ళు, "దీనికింకేదో కాగితం ఉండేది, ఎవరో పీకేశారు" అనుకుంటారు. పొరపాటున గుచ్చి తెచ్చినవాళ్ళని చూస్తే ఆయన మొహం చేదు మాత్ర మింగినట్టు అయ్యేది.

అక్కయ్య నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆ మూడు ప్రశ్నలూ నాన్న గొంతుతోనే అడిగేది. అచ్చం అలాగే ఆగేది, అలాగే కళ్ళజోడు లేకపోయినా ముక్కు మీదికి తోసుకునేది. అది చూసి నాన్న పైకి కోప్పడి లోపల మురిసిపోయేవారు. దానికి పద్నాలుగేళ్ళు దాటాక సీలు బాధ్యత అప్పజెప్పారు. సీలంటే రబ్బరు ముద్ర కాదు, ఇనుప మిషను. దాని నోట్లో కాగితం పెట్టి పిడి నొక్కితే కాగితం మీద ఉబ్బెత్తుగా గుండ్రటి ముద్ర పడుతుంది. రంగుండదు, వేలితో తడిమితే తెలుస్తుంది. రోజూ సాయంత్రం దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి బీరువాలో పెట్టడం అక్కయ్య పని. "నా తర్వాత ఈ కుర్చీ దీనిదే" అని నాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. అక్కయ్య వినబడనట్టు తల వంచుకుని ఇంకా గట్టిగా తుడిచేది.

నాకు కుళ్ళు. దాచడమెందుకు, ఒట్టి కుళ్ళే. ఆ కుర్చీ నాకు అక్కర్లేదు, కానీ దానికి ఇస్తామన్నందుకు కావాలనిపించేది.

నా పదకొండో ఏట ఒక మధ్యాహ్నం నాన్న లోపల భోంచేస్తున్నారు. అక్కయ్య ఇంకా బడినుంచి రాలేదు. సీలు బల్ల మీద ఉంది. నా నోటుపుస్తకం అట్ట మీద ఆ ముద్ర వేసుకుంటే క్లాసంతా నా వెనకాల తిరుగుతుందని ఒక ఆలోచన వచ్చింది. అట్ట దళసరిది. పిడి ఎంత నొక్కినా దిగలేదు. మిషన్ని కుర్చీలో పెట్టి దాని మీద కూర్చున్నాను. కిర్రుమంది. పిడి అడుగు నుంచి గోరంత ఇనప ముక్క ఊడి కింద పడింది. మిషన్ని ఎక్కడున్నదక్కడ పెట్టేసి, ముక్కని జామెట్రీ బాక్సులో అడుగున దాచాను. సాయంత్రం అక్కయ్య ఎప్పటిలాగే తుడిచి బీరువాలో పెట్టింది. అడుగువైపు చూడలేదు.

మర్నాడు ఒకావిడ భర్త విల్లు కోసం ప్రమాణానికి వచ్చింది. మూడు ప్రశ్నలకీ కళ్ళు తుడుచుకుంటూ జవాబిచ్చింది. నాన్న సీలు నొక్కారు. పిడి ఊడి చేతిలోకి వచ్చింది. ఆవిడ భయపడి, "నేనేమైనా తప్పు చెప్పానాండీ?" అని అడిగింది. సీలు లేనిదే నోటరీ కాగితం చెల్లదు. కొత్తది తెప్పించుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ ఇల్లు ఎలా గడిచిందో అమ్మకే తెలియాలి.

ఆ సాయంత్రం నాన్న డబ్బాని వంటింట్లోంచి తీసుకొచ్చి ఆఫీసు బల్ల మీద పెట్టారు. మా ఇద్దరికీ చెరో బిళ్ళ ఇచ్చి, "ఎవరి సంగతి వాళ్ళు చెప్పండి" అన్నారు. నేనే ముందుకి దూకాను. "నేను సీలు ముట్టుకోలేదు, ఒట్టు" అన్నాను. నాన్న మూడు ప్రశ్నలూ అడిగారు. మూడో దానికి కూడా నిజమేనన్నాను. బిళ్ళ టింగుమని డబ్బాలో పడింది. ఆయన చీటీ రాశారు.

అక్కయ్య బిళ్ళని పిడికిట్లో పట్టుకుని చాలాసేపు నిలబడింది. "నిన్న బీరువాలో పెట్టేటప్పుడు టక్కుమని చప్పుడైంది నాన్నా. కాస్త గట్టిగా పెట్టినట్టున్నాను. దానివల్లే విరిగిందేమో. నావల్ల కాదని ఒట్టెలా వేసేది?" అంది.

నాన్న తిట్టలేదు, కొట్టలేదు. "రేపట్నుంచి నువ్వు ముందు గదిలోకి రాకు" అన్నారు, అంతే. అక్కయ్య బిళ్ళని బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళింది.

ఒప్పుకుని వాపసు తీసుకోవడానికి నాకు దారి లేకపోలేదు. అమ్మ వారానికి రెండుసార్లు నడిచిన దారే. రేపు చెబుదాం అనుకున్నాను. తర్వాత, కొత్త సీలు వచ్చాక చెబుదాం అనుకున్నాను. అది వచ్చాక, ఇప్పుడు చెప్తే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారని భయం వేసింది. ఆ భయానికి ఏటేటా వయసు పెరిగింది, నాతోపాటే.

అక్కయ్య పెద్దాసుపత్రిలో లిఫ్టు ఆపరేటరుగా చేరింది. ముప్పై ఆరేళ్ళు ఒక స్టూలు మీద కూర్చుని, "ఎన్నో ఫ్లోరు?" అని అడిగింది. అది చిన్న పనని నేననను. కానీ దానికి రాసి పెట్టిన కుర్చీ అది కాదు. పెళ్ళయి వేరే ఇంటికి వెళ్ళాక కూడా ప్రతి ఆదివారం నాన్నని చూడ్డానికి వచ్చేది. వీధి గుమ్మంలోంచి వస్తే ముందు గది దాటాలి కాబట్టి, పక్క సందులోంచి, పెరటి తలుపు తోసుకుని వచ్చేది. నాన్న ఒక్కసారైనా "ఇటునుంచి రావే" అనలేదు. అది ఒక్కసారైనా అటునుంచి రాలేదు. నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. "ఇది బాగా కనిపిస్తోందా, అది బాగా కనిపిస్తోందా?" అని రోజంతా జనాన్ని అడగడమే నా ఉద్యోగం. మా ఇంట్లో ఏది ఎలా ఉందో చూడ్డానికి మాత్రం నాకు అద్దాలు సరిపడలేదు.

అమ్మ ముందే పోయింది. నాన్న ఈ ఏడాది మొదట్లో పోయారు. సామాన్లు సర్దుతూ బీరువా తీస్తే విల్లు దొరికింది. ఇల్లు, ఉన్న కాస్తా, మా ఇద్దరికీ సమానం. తగాదా లేదు, తిరకాసు లేదు. కానీ మొదటి పేజీకి పైన ఒక గుండుసూది. నా కళ్ళని నేను నమ్మలేదు. విల్లుకి గుండుసూది, అదీ నాన్న చేత్తో! సూది తుప్పు పట్టి ఉంది. దానికి ఒక పాత చీటీ మడిచి గుచ్చారు. మడతలో గుండ్రంగా ఏదో ఉంది.

చీటీ మీద నల్ల సిరాతో ఇలా ఉంది: "చిన్నమ్మాయి. సీలు ముట్టుకోలేదని ప్రమాణం. ఫీజు ముట్టింది."

వెనక నీలం సిరాతో, నా పెళ్ళయిన ఏటి తేదీతో: "జామెట్రీ బాక్సులో పిడి ముక్క దొరికింది. వచ్చి చెప్పినప్పుడు ఫీజు వాపసు ఇవ్వవలెను."

దానికింద వణికే చేత్తో, ఈమధ్యే రాసినట్టు: "రాలేదు. వాపసు."

మడతలో రాగి రంగు బిళ్ళ ఉంది. నేలమీద కూలబడిపోయాను. ముందు సిగ్గుతో ఏడ్చాను, తర్వాత ఒళ్ళు మండి ఏడ్చాను. ముప్పై ఏళ్ళు తెలిసి కూడా నోరు మెదపలేదు. నాన్నా, కన్నకూతుళ్ళకి కూడా నువ్వు నోటరీవేనా? నేను రాకపోతే నువ్వు రాకూడదా? సందులోంచి వచ్చేదాన్ని ఒక్కసారి పిలిచి, నీ తప్పేం లేదే అంటే నీ సొమ్మేం పోయింది? ఇంతలో పెరటి తలుపు చప్పుడైంది. అక్కయ్య. సూది పీకేసి, చీటీని, బిళ్ళని హ్యాండుబ్యాగు జిప్పు అరలో పడేశాను. "విల్లు దొరికిందే" అని కేకేశాను, ఏమీ ఎరగనట్టు.

విల్లుని ప్రొబేటుకి కోర్టులో ఇచ్చాం. నాలుగు నెలల తర్వాత అక్కయ్య ఫోను చేసింది.

"బుల్లీ, కోర్టునుంచి ఉత్తరం వచ్చిందే. విల్లుకి పైన రెండు రంధ్రాలున్నాయట, తుప్పు మరకట, గుండ్రంగా ఏదో నొక్కు కూడా ఉందట. దానికేం గుచ్చారో, విల్లు మొదట చూసినవాళ్ళు ఒట్టేసి చెప్పాలట. అంటే నువ్వే."

యాభై అయిదేళ్ళొచ్చినా నేను దానికి బుల్లినే. హ్యాండుబ్యాగు దగ్గరికి లాక్కుని జిప్పు అర తడిమి చూసుకున్నాను.

"ఏమే, ఉన్నావా? ఏముంటుందిలే. పెద్దాయన చివర్లో చూపానక ఏదో గుచ్చుంటాడు, అది రాలిపోయుంటుంది. ఏమీ లేదని రాయించేశాను. నువ్వొచ్చి సంతకం పెడితే చాలు. ఫీజు మాత్రం చూస్తే కళ్ళు తిరుగుతాయి, ముందే చెప్తున్నా."

నాకు కళ్ళు తిరిగింది ఫీజు వల్ల కాదు. నాన్న పోయాక మేమిద్దరమే మిగిలాం. ఇప్పుడది రోజూ ఫోను చేస్తుంది. ఏం వండావే అని అడుగుతుంది, మోకాళ్ళ నొప్పికి నూనె రాసుకో అని తిడుతుంది. ఆ చీటీ చూపిస్తే ఈ ఫోను ఇంక మోగదు. చూపించకపోతే ఎవరికీ ఏ నష్టమూ లేదు. విల్లులో ఒక్క అక్షరం మారదు. దారి పొడుగునా బస్సులో నాకు నేను ఇదే చెప్పుకున్నాను. చీటీ మాత్రం బ్యాగులోనే ఉంది. దాన్ని ఇంట్లో వదిలి రావడానికి ఎందుకో చెయ్యి రాలేదు.

ఈ కాలం నోటరీ ఆఫీసు అయిదో అంతస్తులో ఉంది. నోటరీ మా అమ్మాయి వయసుది, చెవిలో ఫోను వైరు. గోడమీద ఫీజుల పట్టీ: ప్రమాణానికి ఇంత, జత చేసే కాగితం ఒక్కోదానికి ఇంత. అక్కయ్య దాన్ని చదివి గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఒట్టుకి ఒక రేటు, కాగితానికి ఇంకో రేటా అమ్మా? మా నాన్నగారి రోజుల్లో కాగితానికి తీసుకునేవారు కాదు."

"మీ నాన్నగారికి అద్దె కట్టే పని లేదేమో ఆంటీ. అయినా మీకు జత కాగితం లేదుగా, ఒక్క ఫీజే" అంది ఆ పిల్ల నవ్వుతూ.

"లేదు లేదు, ఒక్కటే" అంది అక్కయ్య, గెలిచినట్టు.

కాగితం నా ముందుకి జరిపింది. "సదరు విల్లును నేను మొదట కనుగొన్నప్పుడు దానికి ఏమియు జతపరచి ఉండలేదు." కింద గీత. నోటరీ అమ్మాయి ఏమీ అడగలేదు, సంతకం ఎక్కడో వేలితో చూపించి, ఫోన్లో ఎవరికో "రెండు నిమిషాలు" అంది. నేను పెన్ను అందుకున్నాను. నిజం చెప్తున్నాను, పెట్టేసేదాన్ని. అలా గబగబా అయిపోయేట్టుంటే పెట్టేసేదాన్ని.

వెనక కుర్చీలోంచి నాన్న గొంతు వినిపించింది.

"చదివారా?"

గడియారం కొట్టుకునేంత సేపు ఆగింది.

"అర్థమైందా?"

అక్కయ్యే. లేని కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుంటోంది. పెదాల చివర నవ్వు ఆపుకుంటోంది. నలభై నాలుగేళ్ళ తర్వాత ఆ గొంతు తీసింది. దానిలో ఇంకా ఉన్నాయవి, ఒక్కటీ పోలేదు. ఆ ఆగడం కూడా పోలేదు.

"నిజమేనా?"

పెన్ను కింద పెట్టేశాను.

"కాదే అక్కా" అన్నాను. "గుచ్చి ఉంది. నేనే తీశాను."

బ్యాగు జిప్పు తీసి చీటీ దాని చేతికిచ్చాను. అది ముందువైపు చదివింది, తిప్పి వెనకవైపు చదివింది. మళ్ళీ ముందుకి తిప్పింది. నవ్వు ఎప్పుడు పోయిందో తెలియదు. నేను మొదలుపెట్టాను, నోటుపుస్తకం అట్ట అనీ, కుర్చీలో పెట్టి కూర్చున్నాననీ. మాటలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. అక్కయ్య చెయ్యి ఎత్తి ఆపింది. "ముందు ఈవిడ పని కానివ్వు" అంది.

నోటరీ అమ్మాయి చెవిలో వైరు తీసేసింది. చీటీ చూసి, ఇది ఆస్తి సంగతి కాదు కాబట్టి విల్లుకేం ఢోకా లేదంది. కొత్త కాగితం టైపు చేసింది: ఒక పాత చీటీ, అందులో మడిచిన ఒక నాణెం గుచ్చి ఉండేవి, తీసినది నేను, చీటీ ఇందుకు జతపరచడమైనది. నాణెం కాగితానికి జత చెయ్యడానికి కుదరదని నా చేతిలో పెట్టేసింది. నేను చెయ్యెత్తి ప్రమాణం చేసి సంతకం పెట్టాను. రెండు ఫీజులయ్యాయి. అక్కయ్య పర్సు తీసి, ఒక్క మాట బేరమాడకుండా రెండూ కట్టింది. అది చూసి నాకు భయం వేసింది.

లిఫ్టులో మేమిద్దరమే. అక్కయ్య అలవాటు ప్రకారం మీటల పక్కన నిలబడి కిందకి నొక్కింది. తలుపులు మూసుకున్నాయి. అయిదు, నాలుగు, మూడు. నా వైపు చూడలేదు.

"ఆయన ముప్పై ఏళ్ళు దాచాడు. నువ్వు నలభై నాలుగు" అంది.

"అక్కా, నేను..."

"నువ్వు డబ్బాలో వేసి చెప్పావే." గొంతు పెంచలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. "డబ్బాలో వేసింది అబద్ధమని నాకు కల్లో కూడా తోచలేదు. నువ్వు కాదు. ఇంక మిగిలింది నేను. అయితే నేనే విరగ్గొట్టాను. ఆ చప్పుడే, బీరువాలో పెట్టేటప్పుడు టక్కుమన్నదే, అదే అనుకున్నాను. ఎంత గట్టిగా పెట్టానో అనుకున్నాను."

రెండు. ఒకటి. లిఫ్టు కిందికి దిగి ఆగింది. టక్కుమంది.

"అదిగో" అంది అక్కయ్య. "ఇదే చప్పుడు. ముప్పై ఆరేళ్ళు, రోజుకి ఎన్నిసార్లో చెప్పు. ఆగినప్పుడల్లా విన్నాను బుల్లీ."

కుర్చీ పోయిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. నేను దాన్నుంచి లాక్కున్నది కుర్చీ ఒక్కటే కాదు. తన చేతుల మీద తనకున్న నమ్మకం లాక్కున్నాను, ఒక నోటుపుస్తకం అట్ట కోసం. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు. ఏడుపు మాత్రం వచ్చింది, ముక్కు కారేట్టు, పదకొండేళ్ళ పిల్లకి వచ్చినట్టు.

తలుపులు తెరుచుకున్నాయి. బయట ఇద్దరు నిలబడి ఉన్నారు, చేతుల్లో ఫైళ్ళతో. అక్కయ్య కదల్లేదు. "నిండింది, తర్వాత రండి" అని వాళ్ళకి చెప్పి, తలుపు మూసే మీట నొక్కింది. ఇద్దరున్న లిఫ్టు ఎలా నిండిందో వాళ్ళకి అర్థం కాక చూస్తూ ఉండిపోయారు. అన్నిటికంటే పై అంతస్తు మీట నొక్కింది.

"ఇప్పుడు చెప్పు. మొదట్నుంచి. మెల్లగా" అంది.

చెప్పాను. నాన్న భోజనం, ఖాళీ గది, అట్ట ఎంత దళసరో, పిడి మీద ఎలా కూర్చున్నానో, ముక్క ఎక్కడ పడిందో. కుళ్ళు సంగతి కూడా చెప్పాను. అది ఏ కాగితంలోనూ రాయలేదు. అక్కయ్య మధ్యలో ఒక్క మాట అనకుండా వింది. ముందు గదిలో నాన్న ఎలా వినేవారో అలా.

"అంటే నేను పెట్టేటప్పటికే విరిగి ఉంది."

"ఉంది."

"నేను గట్టిగా పెట్టడం వల్ల కాదు."

"కాదక్కా. నీ చెయ్యి ఏమీ చెయ్యలేదు."

అది తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది, అటూ ఇటూ, ముసలి చేతుల్ని. తర్వాత నా మొహంలోకి చూసింది, చీటీ చదివాక మొదటిసారి.

"ఒట్టా?" అని అడిగి, అరచెయ్యి చాపింది.

నేను బ్యాగులోంచి రాగి రంగు బిళ్ళ తీసి అందులో వేశాను. అక్కయ్య పిడికిలి మూసింది.